సల్లటి కాళ్ళ కోడలు

మా ఇంట్లో కోపం నాది, బీపీ మా వదినది. ఈ పంపకం ఎట్లా జరిగిందో ఎవరికీ అంతుపట్టేది కాదు. నేను నోరు తెరిస్తే జనగామలో మా గల్లీ కుక్కలు కూడా లేచి పక్క గల్లీకి పోయేవని మా అన్న అంటాడు. వదిన ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా గొంతు పెంచినట్టు నాకు గుర్తు లేదు. అయినా రోజుకు మూడు మాత్రలు మింగేది ఆమె, చప్పిడి కూర తినేది ఆమె. నేను మామిడికాయ తొక్కు కలిపిన అన్నం ముద్దలు చేసుకుంటూ ఆమె పక్కనే కూర్చునేదాన్ని. "నీ కోపమంత నా నెత్తురుల చేరిందే పిల్లా" అనేది. నాకు నలభై రెండేళ్ళు వచ్చాయి, ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్తున్నాను, ఆమెకు మాత్రం ఇప్పటికీ పిల్లనే.

వదిన అంటే మా అన్న భార్య. పుట్టిల్లు మహబూబాబాద్. మా వాళ్ళు ఆ ఊరిని మానుకోట అనే అంటారు. జనగామలో మాకు పైపులు, మోటార్లు అమ్మే దుకాణం ఉంది. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఆ ఇంటి గడపలోకి ఆమె వచ్చినప్పుడు ఆమెకు పందొమ్మిదేళ్ళు, నాకు పన్నెండు.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మానుకోటలో పెళ్ళయ్యాక అందరం రైల్లో తిరిగి వచ్చాం. గడప ముందు కొత్త కోడలిని నిలబెట్టారు. కాళ్ళ మీద నీళ్ళు పోసే పని నాది. నేను చెంబుతో కింద మెట్టు మీద కూర్చున్నాను. నీళ్ళు పోశాక మా మేనత్త పసుపు గిన్నె పట్టుకుని వంగింది. వదిన పాదం పట్టుకోగానే ఆమె చేయి ఆగిపోయింది. పక్కనున్నావిడ చెవిలో ఏదో అంది. ఆమె ఇంకొకామె చెవిలో అంది. నాకు వినపడలేదు. వదినకు వినపడినట్టుంది. తల వంచుకునే ఉన్నా, ముక్కు కొన ఎర్రబడటం కింద కూర్చున్న నాకు కనపడింది.

అప్పుడు మా అమ్మ చేతిలోని హారతి పళ్ళెం ఎవరికో ఇచ్చి గడప దిగి వచ్చింది. కింద కూర్చుని, కోడలి రెండు పాదాలూ రెండు చేతులతో పట్టుకుంది. అత్త కోడలి కాళ్ళు పట్టుకోవడం అక్కడున్న వాళ్ళెవరూ అంతకుముందు చూసి ఉండరు. 

"ఎంత సల్లగున్నయి" అంది అమ్మ, బయట బ్యాండు వాళ్ళకు కూడా వినపడేట్టు. "సల్లటి కాళ్ళు. గిసుంటి కాళ్ళు అడుగువెట్టిన ఇల్లు ఎప్పటికి సల్లగుంటది."

అంతే. ఆ రోజు నుంచి మా వదిన సల్లటి కాళ్ళ కోడలు అయింది.

ఆ ఏడే మా పెరట్లో బోరు వేయిస్తే నీళ్ళు పడ్డాయి. జనగామలో బోరుకు నీళ్ళు పడటమంటే ఏమిటో అక్కడ బతికిన వాళ్ళకు చెప్పనవసరం లేదు. అంతకుముందు రెండు చోట్ల వేస్తే దుమ్మే లేచింది. మూడోసారి అమ్మ, వదినను తీసుకొచ్చి బోరు బండి ముందు నిలబెట్టింది. నీళ్ళు పడ్డాయి. ఇక ఆ కాళ్ళకు తీరిక లేకుండా పోయింది. దుకాణానికి కొత్త గది కడితే మొదట ఆమె అడుగు పెట్టాలి. నర్మెట్టలో మా చిన్నాయన వాళ్ళ కొత్త ఇంట్లోకి ఆమె ముందు నడవాలి. గూడూరులో ఆమె మేనమామ ట్రాక్టరు కొంటే, దాని చుట్టూ తిరగడానికి కారు పంపించాడు. నా పదో తరగతి పరీక్షలకు రోజూ పొద్దున ఆమె నీళ్ళ చెంబుతో ఎదురు రావాలి. లెక్కల పరీక్ష రోజు ఆమెకు తలనొప్పి వచ్చి పడుకుంటే, లేచి రమ్మని నేను చేసిన రచ్చ ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కణతలకు గట్టిగా గుడ్డ కట్టుకుని లేచి వచ్చింది. నేను లెక్కల్లో పాసయ్యాను.

శ్రావణ శుక్రవారాలు మా ఇంటికి వచ్చిన ముత్తైదువలు ఆమె కాళ్ళకు పసుపు రాస్తూ, "అబ్బ, ఫ్రిజ్జుల పెట్టినట్టున్నయి" అని మురిసిపోయేవాళ్ళు. చిన్నవాళ్ళు పాదాలు ముట్టి దండం పెట్టుకునేవాళ్ళు. పాదానికి చేయి తగిలితే చాలు, వదిన నోటి నుంచి "సల్లగుండు బిడ్డా" అని వచ్చేసేది. కూరగాయలు తరుగుతున్నా, సగం నిద్రలో ఉన్నా సరే. వంగిన మనిషి ఎవరో కూడా చూసేది కాదు.

ఇన్ని చేతులు ఆ కాళ్ళను పట్టుకున్నాయి. అవి ఎందుకు అంత చల్లగా ఉన్నాయని ఒక్కరం అడగలేదు. చల్లదనం మాకు వరం కదా, వరాన్ని ఎవరు ప్రశ్నిస్తారు?

బీపీ ఉన్నట్టు మొదట తెలిసింది ఆమె కడుపుతో ఉన్నప్పుడు. కాన్పు కష్టమైంది. బిడ్డ దక్కింది, తల్లి దక్కింది, బీపీ కూడా ఉండిపోయింది. ఒక్క కూతురితో సరిపెట్టుకోమన్నారు. మాత్రలు మార్చారు, పెంచారు, అది మాత్రం దిగలేదు. వెళ్ళిన ప్రతి డాక్టరూ చేతికి పట్టీ కట్టి చూసేవాడు, ఉప్పు తగ్గించమనేవాడు, టెన్షన్ పడొద్దనేవాడు. "ఇంట్ల ఆడబిడ్డతోని ఏమన్న పంచాయితీ ఉన్నదా అమ్మా?" అని ఒకాయన అడిగాడట. వదిన ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆమెతో బజారుకు పోవడం నాకు పరమ విసుగు. స్టేషన్ రోడ్డు మీద నూరడుగులు వేస్తే చాలు, ఏదో ఒక బండి దగ్గర ఆగేది. గాజులు తీసి చూసేది, ధర అడిగేది, పక్కన పెట్టేది. ఇంకో నూరడుగులకు జామకాయల బండి. తర్వాత ప్లాస్టిక్ బుట్టలు. ఏమీ కొనేది కాదు. "కొననిదానివి ఎందుకడుగుతవు వదినా?" అని నేను గుర్రుమంటే, "అడిగితే ఏంబోతదే పిల్లా, జర ఆగు" అనేది. మేమంతా ఆమెకు బేరాల వదిన అని పేరు పెట్టాం. ఆమె కూడా మాతో పాటు నవ్వేది.

నా పెళ్ళయ్యాక నేను భూపాలపల్లికి వచ్చేశాను. మా ఆయనకు బొగ్గుగనుల ఆఫీసులో ఉద్యోగం. మొన్న వానాకాలంలో బాత్రూములో జారిపడి నా చీలమండ దగ్గర ఎముక చిట్లింది. నేను మంచం మీద నుంచి మా ఆయన మీద, పనిమనిషి మీద, సీలింగు ఫ్యాను మీద కేకలు వేస్తున్నానని తెలిసి, వదిన రెండు సంచులతో దిగింది. వచ్చీ రాగానే వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది. మా ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత ప్రశాంతత కనిపించింది.

కట్టు మార్పించుకోవడానికి వదిన నన్ను దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ కొత్తగా చేరిన డాక్టరమ్మ, ఎక్కడో కోస్తా వైపు నుంచి వచ్చిన చిన్న పిల్ల, కట్టు విప్పి వాపు చూసింది. తర్వాత నా పాదం మీద రెండు వేళ్ళు ఆనించి నిలబడింది.

"ఏం చూస్తున్నవు బిడ్డా?" అని వదిన అడిగింది. ఆమెకు ఎవరు ఏ పని చేస్తున్నా తెలుసుకోవాలని ఉంటుంది.

"నాడి చూస్తున్నానమ్మా. రక్తం కాలి దాకా వస్తోందా లేదా అని."

"కాళ్ళల్ల గూడ నాడి ఉంటదా?"

"అందరికీ ఉంటుందమ్మా. ఇదిగో, ఇక్కడ కొట్టుకుంటుంది."

వదిన పక్కనున్న స్టూలు మీద కూర్చుని, తన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, ఆ పిల్ల చూపించిన చోటే వేళ్ళు పెట్టుకుని వెతికింది. అటు జరిపింది, ఇటు జరిపింది. నా పాదం పట్టుకుని చూసింది. మళ్ళీ తనది చూసుకుంది. "దీనికి కొడుతున్నది. నాకు కొడతలేదు" అంది తేలిగ్గా, తన దగ్గర చిల్లర లేదని చెప్పినట్టు.

డాక్టరమ్మ నా కట్టు సగంలో వదిలేసింది. వదినను బల్ల మీద పడుకోమంది. పాదాల వైపు వంగగానే వదిన గబుక్కున కాళ్ళు ముడుచుకుంది. డాక్టరు తన కాళ్ళు పట్టుకుంటే పాపం తగలదా? ఆ పిల్ల ఊరుకోలేదు, రెండు పాదాలనూ లాగి పట్టుకుంది. అలవాటు కొద్దీ వదిన నోటి నుంచి మాట వచ్చేసింది.

"సల్లగుండు బిడ్డా."

ఆ పిల్ల ధ్యాసంతా వేళ్ళ మీద ఉంది. "అవునమ్మా, చాలా చల్లగా ఉన్నాయి. ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయి?" అంది.

నేను పెద్దగా నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆమె రెండు చేతులకూ బీపీ చూసింది. తర్వాత పట్టీని తీసుకెళ్ళి కాలికి కట్టింది. బీపీ పట్టీ కాలికి కట్టడం నేను ఎన్నడూ చూడలేదు. మామూలుగా కాలిలో చేతిలో కంటే కొంచెం ఎక్కువే ఉండాలట. వదినకు చేతిలో ఆకాశంలో ఉంది, కాలిలో నేలకు దిగిపోయింది. "తలనొప్పి వస్తుందా? ముక్కులోంచి రక్తం కారుతుందా? నడిస్తే పిక్కలు పట్టేస్తాయా?" అని అడుగుతూ పోయింది. వదిన ఒక్కోదానికీ నా వైపు చూస్తూ, తప్పు చేసినట్టు తలూపింది.

ఆ తర్వాత హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోయాం. అన్న, వదిన, కుంటుతూ నేను. స్కానింగులు అయ్యాక గుండె డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీశాడు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం పైకి పోయి, తలకూ చేతులకూ కొమ్మలు ఇచ్చి, వంపు తిరిగి కిందికి దిగుతుంది. వదినకు ఆ వంపు దాటిన చోట పుట్టుకతోనే సన్నగా నొక్కుకుపోయి ఉంది. అందుకే పైన రక్తం ఒత్తిడి ఎక్కువ, కింద తక్కువ. ఇన్నేళ్ళూ ఒళ్ళు తనంతట తానే చిన్న చిన్న పక్కదారులు వేసుకుని నెట్టుకొచ్చిందట.

పైపుల దుకాణం నడిపే మా అన్నకు ఈ సంగతి మా అందరికంటే ముందు అర్థమైంది. "పైపు మడత పడ్డది సార్. మోటరు ఎంత కొట్టినా ముందుకు పోతలేదు. అంతే గదా?" అన్నాడు. డాక్టరు అంతే అన్నాడు. "మరి కోసి, కప్లింగ్ ఏసి అతుకుతరా?"

"ఒకప్పుడు పక్కటెముకల దగ్గర కోసి చేసేవాళ్ళం. మీ ఆవిడకు కోయనవసరం లేదు" అన్నాడు డాక్టరు. తొడ మొదట్లో ఉన్న రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి, ఆ నొక్కుకుపోయిన చోట బుడగతో వెడల్పు చేసి, మళ్ళీ ముడుచుకోకుండా జాలీ గొట్టం ఒకటి అక్కడ ఉంచేస్తారు. దాన్నే స్టెంట్ అంటారు. ప్రమాదం అస్సలు లేదని చెప్పను, కానీ వదిలేస్తే అంతకంటే పెద్ద ప్రమాదం అన్నాడు. ఏదో ఒక రోజు తలలో నరం చిట్లవచ్చు, ఆ రక్తనాళమే చీలవచ్చు, గుండె అలిసిపోవచ్చు. చివరికి వదిన వైపు తిరిగి నవ్వుతూ, "అయ్యాక చూడండమ్మా, మీ కాళ్ళు వెచ్చబడతాయి" అన్నాడు.

మంచి మాట చెప్పాననే అనుకుని ఉంటాడు. వదిన ముఖం మాత్రం ఆ మాటకే వాడిపోయింది. నేను చూశాను, కానీ భయపడిందనుకున్నాను.

బయటికి రాగానే, "నాకు గా స్టెంటు వద్దు" అంది.

ఎందుకు వద్దో రోజుకొక కారణం చెప్పింది. మాత్రలు వేసుకుంటున్న కదా అంది. బిడ్డకు పరీక్షలు ఉన్నాయంది. మొగ డాక్టర్లు తొడ దగ్గర చూడటమేంది, తలవంపులంది. మేము ఒక్కో కారణాన్నీ తీసేస్తూ పోయాం. అన్న బతిమిలాడాడు, బెంగళూరులో చదువుకుంటున్న కూతురు ఫోనులో ఏడ్చింది, నేను అరిచాను. వదిన సంచి సర్దుకుంది. తమ్ముడి ఇంట్లో ఏదో పని ఉందని చెప్పి మానుకోటకు పోయింది. రెండు వారాలైనా రాలేదు. యాభై ఏళ్ళకు దగ్గరపడ్డాక పుట్టింటికి అలిగిపోయిన మొదటి మనిషి మా వదినే అయి ఉంటుంది.

అన్న ఫోను చేసి, "నువ్వు రాయే, నాతోని అయితలేదు" అన్నాడు. అన్న గొంతు అట్లా వినడం నాకు కొత్త. నాకు అప్పుడే కట్టు తీశారు. భూపాలపల్లి నుంచి జనగామకు వచ్చి, మరుసటి పొద్దున అమ్మను వెంటబెట్టుకుని రైలెక్కాను. అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. మానుకోట స్టేషనులో వంతెన మెట్ల మీద ఆమె నన్ను పట్టుకుందో నేను ఆమెను పట్టుకున్నానో చెప్పడం కష్టం. "మంచి కాళ్ళదాన్ని తీస్కపోవుడానికి ఇద్దరు కుంటోళ్ళు వచ్చిండ్రు అంటరు" అని అమ్మ రొప్పుతూ గొణిగింది.

వదిన తమ్ముడి ఇంటి వెనక రేకుల పంచలో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ముందు ఎర్రటి కుప్ప. మమ్మల్ని చూసి లేవబోయింది. అమ్మ చేత్తో వద్దని చెప్పి పక్కనున్న నవారు మంచం మీద కూర్చుంది. నేను కింద కూర్చుని, ఊరికే ఉండలేక నాలుగు మిరపకాయలు చేతిలోకి తీసుకున్నాను. నిమిషంలో అందరి కళ్ళూ మండడం మొదలైంది.

"నీకు భయమా వదినా?" అన్నాను, నాకు చేతనైనంత మెల్లగా.

"భయం గాదు."

"మరి ఏంది?"

చాలాసేపు తొడిమలు తీసింది. "డాక్టర్ సారు ఏమన్నడో ఇన్నవు గదా. కాళ్ళు ఎచ్చబడుతయన్నడు."

"మంచిదే గదా?"

"ఏం మంచిదే పిల్లా. ఇల్లు ఏంగావాలె?"

నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఆమె నా వైపు చూడకుండా, మిరపకాయలతో చెప్తున్నట్టు చెప్పింది. "అత్తమ్మ నా కాళ్ళు వట్టి చూసి లోపలికి తీసుకున్నది. గా నాటిసంది బోరు పడ్డది, దుకాణం పెరిగింది, నీకు నౌకరీ వచ్చింది. లారీ గుద్దినా మీ అన్న మీద గీత పడకుంట లేచిండు. గీ కాళ్ళతోనే అని అందరు అంటరు. ఇప్పుడు నా పానం కోసమని గా సల్లదనం తీపిచ్చుకుంట. రేపు ఇంట్ల ఏదన్న అయితే? నా బిడ్డకో, మీ అన్నకో? నేనెట్ల బతకాలె?"

నాకు అరవాలనిపించింది.  ఆమె చావడానికి సిద్ధపడి కూర్చుంది, మా ఇల్లు బాగుండటం కోసం. అదీ మేమే నేర్పిన లెక్క ప్రకారం.

మంచం మీద నుంచి అమ్మ అంది, "గా మాట నేను అబద్ధం చెప్పిన."

వదిన తలెత్తింది.

"గా దినం నీ కాళ్ళు ముట్టుకొని మా ఆడబిడ్డ ఏమన్నదో నువ్వు ఇన్నవు. నేను గూడ ఇన్న. పీనుగ కాళ్ళ లెక్క ఉన్నయన్నది. శకునం మంచిగ లేదు, పిల్లను ఎనుకకు తోలుండ్రి అన్నది. పది మంది ఇన్నరు. నీకు పందొమ్మిదేండ్లు, నిలవడి వణుకుతున్నవు. నాకు ఏం జెయ్యాలెనో తోచలే. దిగి వచ్చి వట్టుకున్న. నిజంగనే మంచు లెక్క ఉన్నయి, నాకు గూడ గుండె ఝల్లుమన్నది. నోటికి ఏదొస్తే గది చెప్పిన. పీనుగ అన్న నోర్లు మూయాలె, అంతే. సల్లటి కాళ్ళు లేవు, గిల్లటి కాళ్ళు లేవు."

"మరి బోరు?" అంది వదిన.

"బోరు పాయింటు వెట్టినోడు మంచిగ వెట్టిండు."

నాకు ఆ స్థితిలో కూడా నవ్వొచ్చింది. వదినకు రాలేదు. "ముప్పై ఏండ్లు చెప్పలేదేంది అత్తమ్మా?"

"మొదట్ల నీకు ధైర్యం ఉండాలని చెప్పలే. బోరు పడ్డంక నేను గూడ నమ్మిన" అంది అమ్మ. "ఇల్లు సల్లగున్నది నీ కాళ్ళతోని గాదు బిడ్డా. నీ నోటితోని. గీ నా బిడ్డ లెక్క నీకు గూడ నోరుంటే, గా కొంప ఎప్పుడో మండిపోతుండె."

 ఆ రోజు నన్ను ఎన్ని మాటలన్నా పడేదాన్ని.

వదిన చేతిలోని మిరపకాయను తుంచకుండా అట్లాగే పట్టుకుంది. "నొస్తుండె అత్తమ్మా" అంది. "నాలుగడుగులేస్తే పిక్కలు రాళ్ళయితుండె. ఇంటికి మంచి కాళ్ళు అని మీరందరు అంటిరి. మంచి కాళ్ళు నొస్తున్నయని ఏ నోటితోని చెప్తరు? అందుకే ఎన్నడు చెప్పలే."

స్టేషన్ రోడ్డు మీద గాజుల బండి నా కళ్ళ ముందుకు వచ్చింది. జామకాయల బండి, ప్లాస్టిక్ బుట్టలు. ఆమె బేరాలాడింది గాజుల కోసం కాదు, కాళ్ళకు ఒక్క నిమిషం ఊపిరి కోసం. పక్కన నిలబడి విసుక్కుంటూ పేరు పెట్టింది నేను. మిరపకాయల ఘాటు అని చెప్పుకోవడానికి వీలుంది కాబట్టి, నేను ధారాళంగా ఏడ్చాను.

 కోడలిని కాపాడుకున్నాననుకున్న మాటే ఆమె నోరు కట్టేసిందని అమ్మకు అప్పుడే తెలిసింది. "నాదే తప్పు బిడ్డా" అంది చివరికి. ఆమె నోటి నుంచి ఆ మాట నేను అంతకుముందు వినలేదు, మా నాయిన కూడా విని ఉండడు.

వదిన లేచి లోపలికి పోయింది. గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. కాసేపటికి మూడు గ్లాసుల చల్లతో వచ్చి, రెండు మాకిచ్చి, మూడోది తాను తాగింది. "ఇయ్యాల నేను ఉప్పేసుకున్న" అంది మా ఇద్దరినీ సూటిగా చూస్తూ. ముప్పై ఏళ్ళలో నేను చూసిన ఆమె కోపం అదొక్కటే.

మధ్యాహ్నం బండికి ముగ్గురం జనగామకు తిరిగి వచ్చాం.

స్టెంట్ వేయించుకున్నాక ఇప్పుడు ఆమె మాత్రలు మూడు నుంచి ఒకటికి వచ్చాయి. అవి పూర్తిగా పోతాయని ఆశపడొద్దనీ, ఏడాదికోసారి స్కానింగు చేయించుకోవాలనీ డాక్టరు చెప్పాడు. మొన్న స్టేషన్ రోడ్డులో ఇద్దరం బజారుకు పోయాం. ఆమె ముందు పోతోంది, ఇంకా పూర్తిగా కుదరని చీలమండతో నేను వెనక పడుతున్నాను. గాజుల బండి దగ్గర నేనే ఆగి ఒక డజను తీసి ధర అడిగాను. ఆమె వెనక్కి వచ్చి, నా కాలి వైపు చూసి, తానూ గాజులు ఏరడం మొదలుపెట్టింది. తొందరపెట్టలేదు. ఆమె స్థానంలో నేనుంటే పెట్టేదాన్ని, పెట్టాను కూడా.

స్టెంట్ వేసిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. పొద్దున లోపలికి తీసుకుపోయారు. అన్న ఒక్కచోట కూర్చోలేక, వరండాలో కనపడిన ప్రతి మనిషికీ కప్లింగ్ గురించి వివరించాడు. పక్క పేషెంటు తాలూకు ముసలాయన, "మా బాయి మోటరుకు గూడ గట్లనే అయింది" అంటే, ఆ మోటారు మీద కూడా సలహా ఇచ్చాడు. అమ్మ మాత్రం కుర్చీలో కొంగు పట్టుకుని కూర్చుంది. రెండు గంటల లోపే డాక్టరు వచ్చి, బాగా జరిగిందన్నాడు. అన్న ఆయన చేయి పట్టుకుని వదల్లేదు.

వదినను గదిలోకి తెచ్చారు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. కళ్ళు మూతలు పడుతున్నాయి. తీగ పంపిన చోట నెత్తురు కారకుండా, సాయంత్రం దాకా వెల్లకిలా పడుకోవాలనీ, కాలు ఏమాత్రం మడవొద్దనీ నర్సు మూడుసార్లు చెప్పి పోయింది.

అమ్మ లేచి మంచం కాళ్ళ వైపు నడిచింది. దుప్పటి అంచు పైకి తీసింది. వదిన సగం కళ్ళు తెరిచి చూసి, "వద్దు అత్తమ్మా" అని గొణిగింది. కాలు లాక్కుందామనుకుంది, కానీ మడవొద్దన్నారు కదా. అట్లాగే పడుకుని చూస్తూ ఉండిపోయింది.

అమ్మ ముప్పై ఏళ్ళ కింద పట్టుకున్నట్టే రెండు పాదాలనూ రెండు చేతులతో పట్టుకుంది. ఈసారి వినిపించాల్సిన జనం లేరు. మెల్లగా, తనకు తాను చెప్పుకున్నట్టు అంది, "ఎచ్చగున్నయి." కొంచెం ఆగి మళ్ళీ అంది, "ఎచ్చగున్నయి బిడ్డా. పిల్ల కాళ్ళ లెక్క ఉన్నయి."

మత్తులో ఉన్న వదినకు పాదాల మీద చేతులున్నాయన్నది ఒక్కటే తెలిసినట్టుంది. కళ్ళు మళ్ళీ మూతపడ్డాయి. పెదాలు కదిలాయి.

"సల్లగుండు బిడ్డా" అని మా అమ్మను దీవించింది.

అన్న నోటికి చేయి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. అమ్మ చేతులు తీయలేదు. "గట్లనే ఉంట" అంది.